ఆ 3.2 శాతంలో మీ అబ్బాయి లేడు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నాలుగెకరాల జీడితోట ఉంది. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తి చేసి రెండేళ్లయింది. శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు. దేశంలో నిరుద్యోగం 3.2 శాతమేనని పేపర్లో చూశాను. అంటే వందలో 97 మందికి పని దొరికినట్టే కదా! మరి నీకెందుకు దొరకలేదని వాడిని అడుగుతుంటే మాట్లాడడం మానేశాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ అంకెతో అబ్బాయిని కొలవడం ఆపండి. అంకె తప్పని కాదు. మీ ప్రశ్నకు అది జవాబు కాదు.

2023 జులై నుంచి 2024 జూన్ దాకా కేంద్రం చేసిన శ్రామిక సర్వేలో వచ్చిన లెక్క అది. 15 ఏళ్లు నిండినవాళ్లు వందమంది ఉంటే పని చేస్తున్నవాళ్లూ, పని కోసం చూస్తున్నవాళ్లూ కలిపి సుమారు 60 మంది. చదువుకునేవాళ్లు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు, ముసలివాళ్లు మిగతా 40 మందిలో ఉంటారు. నిరుద్యోగ రేటు లెక్కలోకి వాళ్లు రారు. ఆ 60 మందిలో పని దొరకనివాళ్లు ఇద్దరు. అదే 3.2 శాతం. అంటే వందలో పని ఉన్నవాళ్లు మీరనుకున్నట్టు 97 మంది కాదు, 58 మందే.

ఇక ‘పని’ అంటే ఏమిటో చూడండి. సర్వే మనిషి మీ ఇంటికే వచ్చాడనుకుందాం. మీ అబ్బాయి జీడిపిక్కల కాలంలో ఇంటికొచ్చి, ఏడాదిలో ఓ నెల రోజులపాటు మీతో తోటలో పనిచేశాడు. మీరు కూలి ఇవ్వలేదు. అయినా ఈ లెక్కలో అతను పని ఉన్నవాడే. తోటకు రాలేదు, ‘పరీక్షకు చదువుతున్నాను, ఇప్పుడు వేరే పని వద్దు’ అన్నాడనుకోండి, అప్పుడు లెక్కకే బయట. ఏడాదిలో ఎక్కువ కాలం పని కోసం తిరుగుతూనో, దొరికితే చేయడానికి సిద్ధంగానో ఉండి, దొరక్క ఉంటేనే నిరుద్యోగి. రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడని మీరు కుమిలిపోతున్న బిడ్డ ఆ 3.2లో బహుశా లేనే లేడు.

మీకు పనికొచ్చే అంకెలు వేరే ఉన్నాయి. అదే సర్వేలో 15 నుంచి 29 ఏళ్లవాళ్లలో నిరుద్యోగం 10.2 శాతం. అంతకు ముందు ఏడాది డిగ్రీ చదివినవాళ్లలో 13.4. అసలు చదువు లేనివాళ్లలో ఒక శాతం కూడా ఉండదు. చదువు చెడగొట్టిందని దీనికి అర్థం కాదు. ఏ రోజు కూలితో ఆ రోజు పొయ్యి వెలిగే ఇంట్లో ఖాళీగా కూర్చునే వీలుండదు, ఏ పని దొరికితే అది చేయాలి. మీ అబ్బాయి తన చదువుకు తగ్గ ఉద్యోగం కోసం ఆగగలుగుతున్నాడంటే, ఆ వ్యవధి మీ తోట ఇచ్చింది. అది మీరు కష్టపడి సంపాదించి పెట్టినది. ఆ సంగతి వాడికీ తెలుసు, అందుకే మీ మాట అంతగా తగులుతోంది.

ఇంకొక్క మాట. 2025 ఏప్రిల్‌కి ఈ రేటు 5.1 శాతమని ప్రకటించారు. దాన్ని 3.2 పక్కన పెట్టి నిరుద్యోగం ఒక్కసారిగా పెరిగిందని కంగారు పడకండి. నెలవారీ లెక్కలో గడిచిన ఏడు రోజుల్లో కనీసం గంట పని ఉందా అని చూస్తారు. 3.2 ఏడాది మొత్తాన్ని చూసిన లెక్క. రెండూ వేర్వేరు కొలతలు.

గ్రూప్-2 మానిపించమని నేను చెప్పను. కానీ దానికి గడువు ఉండాలి, ఆ గడువు అబ్బాయే పెట్టుకోవాలి. ఇప్పటికే రెండేళ్లు గడిచాయి, బీటెక్‌ని ఇంకా పక్కన పడేస్తే ఇంటర్వ్యూలో ఆ ఖాళీ గురించి అడుగుతారు. కేంద్రం నడిపే నాట్స్ (NATS) అప్రెంటిస్‌షిప్‌లో ఇంజినీర్లు చేరొచ్చు. ఏడాది దాకా కంపెనీలో శిక్షణ, నెలనెలా స్టైపెండ్, చివర్లో సర్టిఫికెట్. వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోమనండి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనో, విశాఖలోనో మెషీన్ల మెయింటెనెన్స్ వైపు ప్రయత్నించమనండి. పగలు అక్కడ, రాత్రి పుస్తకం. కష్టమే, కానీ రెండు దారులూ తెరిచి ఉంటాయి.

ఇదంతా ఫోన్లో చెప్పకండి. ఈ ఆదివారం మీరే శ్రీకాకుళం వెళ్లండి. మొదటి గంట ఉద్యోగం ఊసెత్తకుండా, ఇద్దరూ కలిసి భోంచేయండి.