మీ ప్రశ్న – మా జవాబు: 124 కూడా కొట్టలేకపోయారేంటండీ?

ప్రశ్న: బ్రాడీపేటలో మేం నలుగురం రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గర కలుస్తాం. 2025 నవంబర్‌లో కోల్‌కతా టెస్టులో దక్షిణాఫ్రికా మీద 124 కొట్టలేక మనవాళ్లు 93కే ఆలౌటయ్యారు కదా, దానిమీద ఇప్పటికీ గొడవే. ఇద్దరు పిచ్ వల్లే ఓడామంటారు, మేమిద్దరం బ్యాటింగ్ వల్లే అంటాం. మిర్చి బజ్జీల పందెం కాశాం, తీర్పు మీదే.
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: బజ్జీల డబ్బులు నలుగురూ తలా ఇంత వేసుకోండి. ఆ మ్యాచ్ మొత్తంలో రెండు జట్లలోనూ యాభై దాటింది ఒక్క దక్షిణాఫ్రికా కెప్టెన్ బవుమానే, 55 నాటౌట్. అతనేం మాయలు చేయలేదు, ఓపిగ్గా నిలబడ్డాడు, అంతే. మూడో రోజు పొద్దున బాష్‌ని పక్కన పెట్టుకుని ఎనిమిదో వికెట్‌కి 44 పరుగులు జోడించాడు, మనం ఓడిందేమో 30 పరుగులతో. మనవైపు చూస్తే, చివర్లో మన అక్షర్ పటేల్, వాళ్ల స్పిన్నర్ మహారాజ్ ఓవర్లో ఒక ఫోరు, రెండు సిక్సర్లు బాదేసరికి మీ టీ కొట్టు దగ్గర ఈలలు పడే ఉంటాయి. అక్కడితో ఆగితే బాగుండేది, మళ్లీ ఎత్తాడు, బవుమా వెనక్కి పరిగెత్తి పట్టేశాడు, తర్వాతి బంతికే సిరాజ్ కూడా ఔట్. మెడ పట్టేసి మన కెప్టెన్ గిల్ రెండో ఇన్నింగ్స్‌లో దిగనే లేదు, అదొక్కటి మాత్రం మన ఖర్మ.

ఇక పిచ్ సంగతి. అది బాగోలేదు, నిజమే, కానీ ఎవరు చేయించారండీ? మేం అడిగింది ఇలాంటి పిచ్చేనని కోచ్ గంభీరే మ్యాచ్ అయ్యాక చెప్పాడు. మామూలు పిచ్ ఇస్తే మూడో రోజు నుంచి మన స్పిన్నర్లదే పైచేయి, ఎందుకంటే వాళ్లు అవతలివాళ్ల కన్నా నిజంగానే గొప్పవాళ్లు. మొదటి రోజే బంతి గిర్రున తిరిగే పిచ్ ఇస్తే ఆ తేడా కాస్తా పోతుంది, అవతలి స్పిన్నర్‌కి కూడా మనవాళ్లకి పడినట్టే వికెట్లు పడతాయి. దక్షిణాఫ్రికా స్పిన్నర్ హార్మర్‌కి ఆ మ్యాచ్‌లో 8 వికెట్లు. ఇది కొత్త జబ్బేం కాదు. 2012లో అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ మీద గెలిచి కూడా, బంతి ఇంకా తిరిగే పిచ్ కావాలని అప్పటి కెప్టెన్ ధోనీ పట్టుబట్టాడు, తీరా ముంబైలో వాళ్ల స్పిన్నర్ పనేసర్ 11 వికెట్లు తీసుకుపోయాడు, సిరీస్ కూడా ఇంగ్లండ్ పట్టుకుపోయింది.

ప్రశ్న: టాస్ గెలిస్తే ఇండియాలో సగం మ్యాచ్ గెలిచినట్టే అంటారు మా బాబాయ్. నిజమేనా?
– గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: 2024 అక్టోబర్‌లో బెంగళూరులో న్యూజిలాండ్ మీద టాస్ మనమే గెలిచి, మబ్బు పట్టిన ఆకాశం కింద బ్యాటింగ్ తీసుకుని 46కి ఆలౌటయ్యాం. మీ బాబాయ్ గారికి ఆ అంకె ఒక్కటి చెప్పి చూడండమ్మా.

ప్రశ్న: మనవాళ్లకి స్పిన్ ఆడటం రాకుండా పోవడానికి ఐపీఎల్లే కారణం కదా?
– బ్యాంకు ఉద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కొంత. ఐపీఎల్లో స్పిన్నర్ని చూస్తే ఎత్తి కొట్టాలనిపిస్తుంది, టెస్టుల్లో గంటసేపు అడ్డం పెట్టాలి, ఆ అలవాటు రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ మ్యాచ్‌ల్లోనే వస్తుంది. కోహ్లీ 2012 తర్వాత మళ్లీ రంజీ ఆడింది 2025 జనవరిలో, అదీ న్యూజిలాండ్ మనల్ని ఇంట్లోనే 3-0తో ఊడ్చి, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో కూడా సిరీస్ పోయాక. ఖాళీ ఉండదు పాపం అంటారా? నిజమే, ఉండదు. కానీ 2024లో హైదరాబాద్‌లో హార్ట్‌లీ అనే ఇంగ్లండ్ స్పిన్నర్ కుర్రాడు తన మొదటి టెస్టులోనే, తొలి ఇన్నింగ్స్‌లో చితక్కొట్టించుకుని, రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడంటే తప్పు మనవాళ్ల ఆటలోనే ఉందన్నమాట. 190 ఆధిక్యం పెట్టుకుని 28 పరుగులతో ఓడాం అక్కడ. ఇంగ్లండ్ బ్యాటర్ పోప్ 110 మీద ఉన్నప్పుడు అతని క్యాచ్ అక్షర్ వదిలేశాడు, పోప్ 196 దాకా వెళ్లాడు, దానికి ఐపీఎల్‌నేం అంటాం?

ప్రశ్న: ఇంతకీ మీకు ఎలాంటి పిచ్ కావాలంటారు? విమర్శించడం తేలికే.
– పాఠకుడు, మంగళగిరి

జవాబు: కోపమొచ్చినట్టుంది, సంతోషం. హైదరాబాద్‌లో ఓడిన వారంలోపే మొదలైన విశాఖ టెస్టు లాంటిది కావాలి. జైస్వాల్ 209 కొట్టుకున్నాడు, బుమ్రా మ్యాచ్‌లో 9 వికెట్లు తీశాడు, పోప్‌ని యార్కర్‌తో బౌల్డ్ చేసినప్పుడు స్టంపులు ఎలా లేచిపోయాయో మీరూ చూసే ఉంటారు. బ్యాటరుకీ, పేసరుకీ, స్పిన్నర్‌కీ అందరికీ చోటున్న పిచ్ అది, నాలుగు రోజుల్లో 106 పరుగులతో మనమే గెలిచాం. ఈసారి అక్కడ టెస్టు పడితే వెళ్లండి. విజయవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు, కాకపోతే ఆట తొమ్మిదిన్నరకే మొదలవుతుంది కాబట్టి ముందు రోజే బయల్దేరాలి.