ఫంక్షనల్ న్యూరాలజికల్ డిజార్డర్ వచ్చిందంటే గతంలో ఏదో మానసిక గాయం ఉన్నట్టేనా?

అక్కర్లేదు. మెదడూ నరాలూ దెబ్బతినకపోయినా వాటి పనితీరు తప్పి, కాళ్లూ చేతులూ మాట వినని జబ్బు ఇది. మీ తమ్ముణ్ణి "గుర్తు తెచ్చుకో, ఏదో జరిగే ఉంటుంది" అని పీడిస్తున్నారని రాశారు. ముందు అది ఆపించండి.

మా అక్కకీ ఇదే వచ్చింది. స్కూటీ మీంచి పడింది. ఎముక విరగలేదు, మోకాలు చెక్కుకుపోయిందంతే. కొన్నాళ్లకి కుడి కాలు ఈడ్వడం మొదలైంది. ఎమ్మారై నార్మల్. ఇక చుట్టాలంతా సీఐడీలైపోయారు. "అత్తగారేమైనా అన్నారా?", "చిన్నప్పుడు ఎవరైనా ఏమైనా చేశారా?" లేదంటే దాస్తోందని. పెళ్లికాని పిల్లయితే ఇంకో గోల, "పెళ్లి చేసెయ్యండి, అదే పోతుంది" అంటారు. కట్నం కూడా ఈ సలహాదారులే కడతారేమో!

చివరికి ఒక న్యూరాలజిస్టు అక్కని పడుకోబెట్టి, కుడి మడమతో మంచాన్ని నొక్కమన్నారు. రాలేదు. ఆ మడమ కింద తన చెయ్యి పెట్టి, ఎడం కాలిని రెండో చేత్తో అదిమి, "ఇప్పుడు దీన్ని పైకెత్తమ్మా" అన్నారు. అక్క ఎత్తబోయింది, కుడి మడమ ఆయన చేతిని గట్టిగా నొక్కేసింది! బావని పిలిచి ఆయన చెయ్యి కూడా అక్కడ పెట్టించారు. బావ మొహంలో "అయితే నటనేనా" అన్నది కనిపించినట్టుంది, "నటన అనుకుంటే మీకెందుకు చూపిస్తానండీ? నరం బాగుంది, బలం ఉంది. కావాలని కదిపితేనే రావట్లేదు" అన్నారు. దీన్ని హూవర్ సైన్ అంటారు, 1908 నాటి పరీక్ష. ఎమ్మారైకి పోసిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చిన్నప్పుడు హింసో, నిరాదరణో అనుభవించినవాళ్లలో ఇది ఎక్కువే, కాదనను. కానీ అలాంటిదేమీ లేనివాళ్లూ బోలెడుమంది. చిన్న దెబ్బ తర్వాతో, మైగ్రేన్ తర్వాతో కూడా మొదలవుతుంది. మనసులో అణిచిపెట్టిన బాధే ఒంట్లో బయటపడుతుందని 1895లో వియన్నా డాక్టర్లు ఫ్రాయిడ్, బ్రాయర్ రాశారు, లోకం అదే పట్టుకు వేలాడింది. 2013లో డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం) వచ్చినప్పుడు, మానసిక కారణం కనబడి తీరాలన్న షరతే తీసేశారు. మన చుట్టాలకి ఆ కబురు అందలేదు.

గాయం నిజంగా ఉంటే సైకాలజిస్టు దగ్గర దాని పని దానికి జరగనివ్వండి. అది దొరికాకే చూద్దామని ఫిజియోథెరపీ ఆపి ఉంచొద్దు. ముందుకి నడవలేని మా అక్కని ఫిజియో వెనక్కి నడవమంటే చకచకా నడిచింది, అక్కణ్ణించే దారిలో పడింది.

ఇంతకీ మీ తమ్ముడికి డాక్టరు జబ్బు పేరు చెప్పి వివరించారా, "రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారా? రెండోదైతే డాక్టర్ని మార్చండి.