ఎముకల మందు: మాత్రా, ఇంజెక్షనా?

ప్రశ్న: నా వయసు 67. ఉండేది సీతమ్మధారలో. రెండు నెలల క్రితం బాత్‌రూమ్‌లో జారిపడితే మణికట్టు విరిగింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో నడుము దగ్గర టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.8 వచ్చింది. వారానికో మాత్ర, ఏడాదికో ఇంజెక్షన్, ఆరు నెలలకో ఇంజెక్షన్... ఏదో ఆలోచించుకుని రమ్మన్నారు డాక్టర్. పదేళ్లుగా షుగర్ ఉంది. ఛాతీలో మంట కూడా. సంక్రాంతి వెళ్లాక ఏడెనిమిది నెలలు అమెరికాలో అమ్మాయి దగ్గర ఉంటాను. ఈ మందులతో దవడ ఎముక పాడవుతుందంటుంటే టెన్షన్‌గా ఉంది. కాల్షియం మాత్రలతో సరిపెట్టుకోవచ్చా?
- ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సరిపెట్టుకోకూడదమ్మా. టి-స్కోరు మైనస్ 2.5, అంతకన్నా తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటాం. పైగా మీకు మామూలుగా జారిపడితేనే ఎముక విరిగింది. ఒకసారి విరిగినవారికి మళ్లీ విరిగే ముప్పు ఎక్కువ. ఈసారి తుంటి విరిగితే మంచాన పడాల్సి వస్తుంది. కాల్షియం అవసరమే కానీ అదొక్కటే ఈ ముప్పును ఆపలేదు.

వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మంచి మందే, ఖర్చూ తక్కువ. కానీ దాన్ని పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట పాటు కాఫీ తాగకుండా, నడుం వాల్చకుండా ఉండాలి. లేదంటే అన్నవాహిక ఒరుసుకుపోవచ్చు. ఛాతీలో మంట ఉన్న మీకు నేనైతే రాయను.

ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ కిడ్నీ సరిగా లేనివారికీ వాడతారు. దీనితో ఉన్న చిక్కు చాలామందికి చెప్పరు. మధ్యలో మానేస్తే పెరిగిన ఎముక బలం వేగంగా పోతుంది, వెన్నుపూసలు ఒకటి కాదు, రెండు మూడు కూడా విరగొచ్చు. ఆపాల్సి వస్తే వెంటనే మరో మందుకు మారాలి. మీకు రెండో డోసు అమెరికాలో ఉండగా వస్తుంది. అక్కడ అది సమయానికి అందుతుందని ఖాయంగా తెలియకపోతే మొదలుపెట్టకండి.

అందుకే మీకు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనువుగా కనిపిస్తోంది. అయితే షుగర్ ఉంది కాబట్టి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. కిడ్నీ బాగా దెబ్బతిని ఉంటే ఇది వద్దు. కాల్షియం, విటమిన్ డి కూడా పరీక్షించి, తక్కువుంటే సరిచేశాకే ఎక్కించాలి. వెన్ను ఎక్స్‌రే కూడా అడగండి. నొప్పి లేకుండానే విరిగిన పూసలు కొందరిలో బయటపడతాయి. అలా ఉంటే ముందుగా ఎముకను పెంచే టెరిపారటైడ్ గురించి మీ డాక్టర్ ఆలోచించవచ్చు. అది రోజూ వేసుకోవాల్సిన ఇంజెక్షన్.

దవడ సమస్య నిజమే కానీ ఆస్టియోపోరోసిస్ డోసుల్లో చాలా అరుదు. క్యాన్సర్ రోగులకు ఇవే మందులు ఎక్కువ మోతాదులో, తరచుగా ఇస్తారు. అది ఎక్కువగా కనిపించేది వారిలోనే. పన్ను తీయించాల్సింది ఉంటే ముందే తీయించి, పుండు మానాక మందు మొదలుపెట్టండి. తర్వాతెప్పుడైనా తొడలోనో గజ్జల్లోనో విడవని నొప్పి వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పాలి.

పాలు, పెరుగు, రాగిజావ, తింటే ముళ్లతో సహా నెత్తళ్లు... ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందితే చాలు.

మొదటిసారి జోలెడ్రోనిక్ ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, పారాసెటమాల్‌తో తగ్గుతాయి. కాబట్టి విమానం ఎక్కే వారంలో పెట్టుకోకుండా కనీసం మూడు వారాల ముందే వేయించుకోండి.