ఎక్స్‌రే గదిలో కొత్తగా చేరిన మేనకోడలికి

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

పై దవడ చివరి పళ్ల దగ్గర సెన్సర్, అదే పంటి ఎక్స్‌రే బొమ్మను పట్టే చిన్న పలక, నోట్లో పెట్టగానే పేషెంట్లకు డోకు వస్తోందని, ఒక్కొక్కరికి మూడేసి సార్లు తీయవలసి వస్తోందని రాశావు. నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన నా చొక్కా మీదే వాంతి చేసుకున్నారు. తప్పు ఆయనది కాదు, సెన్సర్ ఆయన నోట్లో పెట్టి యంత్రం సెట్టింగులు చూసుకుంటూ నిలబడిన నాది. ఎక్స్‌పోజర్ సమయం ఎంచుకోవడం, ట్యూబును చెంప దగ్గరికి తెచ్చి కోణం కుదుర్చుకోవడం ముందే ముగించి, సెన్సర్‌ను చిట్టచివర నోట్లో పెట్టు. అంగిలిని రాసుకుంటూ వెనక్కు జరిపితే డోకు వస్తుంది కనుక, దేనికీ తగలకుండా లోపలికి తీసుకువెళ్లి, ఒక్కసారిగా పైకి ఆనించి, సెన్సర్‌ను పట్టి ఉంచే బైట్‌బ్లాక్‌ను పళ్లతో కొరకమను. ముక్కుతో గాలి పీలుస్తూ ఒక కాలు కొంచెం ఎత్తి ఉంచమంటే ధ్యాస అటు పోతుంది. నాలుక కొసన చిటికెడు ఉప్పు వేసి చూడు, నవ్వకు, చాలామందికి పనిచేస్తుంది. డోకు వస్తుందా అని మాత్రం అడగకు. అడిగితే తప్పక వస్తుంది.

కింది దవడలో చిక్కు వేరు. నోరు బార్లా తెరిస్తే నాలుక కింది కండరం బిగుసుకుని సెన్సర్ అంచు గుచ్చుకుంటుంది. అందుచేత దాన్ని ఎముకకు అదమకుండా నాలుక వైపు ఉంచి, పేషెంట్ మెల్లగా నోరు మూస్తుండగా కిందికి దించు.

మన తీరం ఊళ్ల నుంచి వచ్చే ముసలమ్మల్లో అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ఉన్నవారు ఉంటారు. వారికి సెన్సర్ పెట్టే ముందు టార్చి వేసి అంగిలి చూడమ్మా. తెల్లగా మందమై, మధ్యమధ్య ఎర్రని చుక్కలో పుండో కనిపిస్తే, పంటి సంగతి తరవాత, ముందు డాక్టరుగారికి చూపించు. గుట్కా వల్ల దవడ బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టని నోట్లోకి సెన్సర్ తోయవద్దు. నోటి బయటి నుంచే రెండు దవడలనూ ఒకే బొమ్మలో తీసే ఎక్స్‌రే, ఓపీజీ, సరిపోతుందేమో డాక్టరుగారిని అడుగు.

ఓపీజీకి దుద్దులు, ముక్కుపుడక తీయించాలి. దుద్దు నీడ అవతలి వైపు, కాస్త పైన, మసకగా పడుతుంది. ముక్కుపుడక తీయడానికి పెద్ద ముత్తైదువలు ఒప్పుకోరు, వెంట వచ్చిన కోడలి చేత చెప్పించు. నాలుకను అంగిలికి అంటించమంటే చాలామందికి అర్థం కాదు. "గుటక వేసి నాలుక అక్కడే ఉంచమ్మా" అను. అలా ఉంచకపోతే పై పళ్ల వేళ్ల మీద నల్లటి నీడ పడుతుంది.

ఎంత కుదరకపోయినా సెన్సర్‌ను నీ వేలితో పట్టుకుని నిలబడకు. రెండుసార్లకు రాకపోతే మూడోసారి మీట నొక్కకుండా డాక్టరుగారిని పిలువు; తిమ్మిరి స్ప్రే కొట్టాలా, మరో రకం ఎక్స్‌రే తీయాలా అన్నది వారు నిర్ణయిస్తారు.

ఇట్లు,
మీ మావయ్య