డాలస్‌లో వసంతకాలం: బొమ్మలు చూడకండి, రాసింది చదవండి

"వచ్చే నెల డాలస్‌కి మారుతున్నాం. మార్చి నుంచి మే దాకా అక్కడ వాతావరణ సూచన అస్సలు నమ్మలేమట, నిజమేనా? ఏ యాప్ మంచిది?" అని అడిగారు.

ఏ యాప్ అయినా ఒకటే. సూచన మాత్రం నమ్మొచ్చు. ఇక్కడ మనవాళ్లు చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుంటారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఒక ఏప్రిల్ శనివారం మా మరదలి సీమంతం డాలస్ శివారు ఫ్రిస్కోలో మా ఇంటి పెరట్లో పెట్టుకున్నాం. ముందురోజు నుంచే ఫోన్లు. "బావగారూ, రేపంతా ఉరుముల వానట, ఏదైనా హాలు చూడండి." యాప్‌లో మబ్బు, మెరుపు బొమ్మ, పక్కన 90 శాతం. నేను ఫోర్ట్‌వర్త్‌లోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసువాళ్లు సూచన వెనక కారణాలు వివరిస్తూ రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ తెరిచాను. అందులో విషయం వివరంగా ఉంది: తెల్లవారుజామున ఒక విడత వాన, అది త్వరగా వెళ్లిపోతే వార్మ్ ఫ్రంట్ (చలిగాలిని వెనక్కి నెడుతూ వచ్చే వెచ్చగాలి సరిహద్దు) ఉత్తరానికి జరుగుతుంది, ఎంతవరకు జరుగుతుందన్నది అనుమానమే, సాయంత్రం మళ్లీ గాలివానలు రావచ్చు.

ఇక్కడి కథంతా ఆ ఫ్రంట్ ఎక్కడుందన్నదే. గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి తేమగాలి, పశ్చిమ టెక్సస్ నుంచి పొడిగాలి, ఓక్లహోమా వైపు నుంచి చలిగాలి. ఫ్రంట్ మనకు దక్షిణాన ఉన్న వేకో ఊరి దగ్గర ఆగితే మనం స్వెటర్లో ఉంటాం, ఉత్తరాన ఓక్లహోమా సరిహద్దులోని రెడ్ రివర్ దాకా వెళ్తే చెమటలు కారతాయి. దీనికి తోడు పైన మెక్సికో పీఠభూమి వైపు నుంచి వచ్చిన వేడిగాలి పొర మూతపెట్టినట్టు కూర్చుంటుంది, దాన్నే క్యాప్ అంటారు. అది గట్టిగా ఉంటే చుక్క వాన రాదు, తెగితే గంటలో ఆకాశం నల్లబడుతుంది. పై గాలిని బెలూన్ వదిలి కొలిచేది మామూలుగా రోజుకు రెండుసార్లే. ఇంత వ్యవహారాన్ని ఒక్క మబ్బు బొమ్మలో ఎలా ఇరికిస్తారు?

ఆ శనివారం పొద్దున ఈశాన్యం నుంచి చలిగాలి, సన్నటి తుంపర. పదకొండు గంటలప్పుడు గాలి దక్షిణానికి తిరిగింది, ఒళ్లంతా జిగట. "ఫ్రంట్ మనల్ని దాటేసింది, కుర్చీలు వేసేయండి" అన్నాను. గాజులు తొడగడం, అక్షింతలు, భోజనాలు అన్నీ ఎండలోనే జరిగాయి. నాలుగింటికల్లా అందర్నీ పంపించేశాను, ఇంకాసేపు కూర్చుంటామన్నవాళ్లని కూడా. ఆరు దాటాక డెంటన్ వైపు నుంచి గాలివాన వచ్చింది, నిమ్మకాయలంత వడగళ్లతో. మా వీధిలో బయట పెట్టిన కార్ల అద్దాలు పగిలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే రూఫ్ మారుస్తామంటూ తలుపు కొట్టేవాళ్లు మొదలు. ఎవరికీ అక్కడికక్కడే సంతకం పెట్టకండి, ముందు మీ ఇన్సూరెన్స్‌లో వడగళ్లకు డిడక్టిబుల్, అంటే మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా, ఎంతో చూసుకోండి. చాలా పాలసీల్లో అది ఇంటి విలువలో శాతం లెక్కన ఉంటుంది.

ఇంకో బాధ, టోర్నడో లాంటి ప్రమాదం ఉన్నప్పుడు ఊళ్లో మోగించే సైరన్ వినగానే ఫోన్ పట్టుకుని వీడియో కోసం బయటికొచ్చేవాళ్లు. ఆ సైరన్ మోగేదే బయటున్నవాళ్లు లోపలికి వెళ్లాలని! 1995 మే 5న ఫోర్ట్‌వర్త్‌లో మేఫెస్ట్ అనే ఆరుబయట ఉత్సవానికి వచ్చిన జనం మీద వడగళ్లు పడి ఎంతోమంది గాయపడ్డారు. వాట్సాప్ గ్రూపుల్లో పది రోజుల ముందే "పెద్ద టోర్నడో వస్తోంది" అని మ్యాప్ ఫార్వర్డ్ చేసేవాళ్లంటే కూడా నాకు ఒళ్లుమంట. పది రోజుల ముందు ఫ్రంట్ ఏ మైలురాయి దగ్గర ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

మీరు దిగగానే చేయాల్సింది, మీ ఇల్లు ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉందో తెలుసుకోవడం. టీవీలో హెచ్చరికలు కౌంటీ పేర్లతోనే చదువుతారు. ఫ్రిస్కో అయితే కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంటుంది, అడ్రస్ పెట్టి మరీ చూసుకోండి.