గెలుచుకున్న భూమిపై హక్కు ఎవరిది?

ప్రశ్న: నేటి దేశాల సరిహద్దుల్లో చాలా భాగం పాత యుద్ధాల్లో గెలుపోటముల వల్ల ఏర్పడినవే. వాటిని అంగీకరిస్తూ, ఇప్పుడు జరిగే విజయాలను మాత్రం ఆక్రమణ అనడం ద్వంద్వ నీతి కాదా? గోవాకు మనమూ సైన్యాన్నే పంపాం కదా? (ఒక పాఠకుడు)

జవాబు: సరిహద్దులు ఎలా పుట్టాయన్న విషయంలో మీరన్నది నిజమే. 19వ శతాబ్దం ముగిసేదాకా, యుద్ధంలో జయించడం భూమిపై హక్కు సంపాదించే మార్గాల్లో ఒకటని రాజ్యాలు బాహాటంగానే ఒప్పుకునేవి. జయం వల్ల కలిగిన హక్కును జయించినవారి కోర్టులు కాదనలేవని అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ 1823లో ఒక తీర్పులో రాశారు. ఆ హక్కు న్యాయమైనదని ఆయన వాదించలేదు, దాన్ని ప్రశ్నించే స్థితిలో తమ కోర్టు లేదని మాత్రమే అన్నారు. జయహక్కుకు ఇంతకంటే నిజాయితీ గల వర్ణన నాకు కనిపించలేదు.

ఈ నియమం ఒక్కరోజులో మారలేదు. యుద్ధాన్ని జాతీయ విధాన సాధనంగా వాడబోమని 1928లో పారిస్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించి అక్కడ మంచుకువో అనే రాజ్యాన్ని నిలబెట్టినప్పుడు నానాజాతి సమితి దాన్ని గుర్తించడానికి నిరాకరించగా, జపాన్ 1933లో సమితి నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించింది. మంచూరియా మాత్రం 1945 వరకూ జపాన్ చేతుల్లోనే ఉంది. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి చార్టర్ మరో దేశపు భూభాగంపై బలప్రయోగాన్ని నిషేధించింది. 1990లో కువైట్‌ను ఇరాక్ తనలో కలుపుకున్నట్లు ప్రకటించినప్పుడు, ఆ విలీనం చట్టరీత్యా చెల్లదని భద్రతా మండలి కొద్ది రోజుల్లోనే తీర్మానించింది.

ఇక ద్వంద్వ నీతి సంగతి. ఒక చర్యను అది జరిగిన కాలపు చట్టంతోనే తూచాలన్నది అంతర్జాతీయ న్యాయంలో స్థిరపడిన సూత్రం. అమెరికా, నెదర్లాండ్స్ మధ్య నడిచిన పాల్మాస్ ద్వీపం వివాదంలో మధ్యవర్తి మాక్స్ హ్యూబర్ 1928లో దీన్ని స్పష్టంగా చెబుతూ, హక్కు పుట్టుకకు ఆనాటి చట్టం సరిపోయినా, ఆ హక్కు కొనసాగాలంటే మారుతున్న చట్టానికి నిలబడాలని కూడా అన్నారు. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. పాత సరిహద్దులను మనం గౌరవిస్తున్నది వాటి పుట్టుక న్యాయమైనదని కాదు, వాటిని తిరగదోడితే కొత్త యుద్ధాలు తప్పవని. వలస పాలకులు గీసిన గీతల అన్యాయం బాగా తెలిసిన ఆఫ్రికా దేశాలే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న సరిహద్దులను గౌరవిస్తామని 1964లో కైరోలో తీర్మానించాయి.

ఆత్మరక్షణ కోసం చేసిన యుద్ధంలో దక్కిన భూమి సంగతేమిటని కొందరు అడుగుతారు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత చేసిన 242వ తీర్మానం పీఠికలో భద్రతా మండలి, యుద్ధం ద్వారా భూభాగాన్ని సంపాదించడం సమ్మతం కాదన్నది గానీ, దాడి చేసినవారికీ దాడికి గురైనవారికీ తేడా చూపలేదు. ఈ మాటపై న్యాయవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నా, నాకు ఇదే సబబుగా తోస్తుంది. ప్రతి విజేతా తానే ఆత్మరక్షకుణ్ణని చెప్పుకుంటాడు. పైగా ఓడిన ప్రభుత్వం నిజంగా దోషే అయినా, ఆ నేల మీద బతుకుతున్నవారు, వారి పిల్లలు ఆ దోషానికి తమ దేశాన్ని ఎందుకు కోల్పోవాలన్నదానికి జవాబు లేదు.

గోవాను ఈ కొలతతోనే చూడాలి, మన గెలుపు కనుక మినహాయింపు ఇవ్వలేం. 1961 డిసెంబరులో భారత సైన్యం ప్రవేశించినప్పుడు, బలగాలను వెనక్కి పిలవాలన్న తీర్మానానికి భద్రతా మండలిలో ఏడు ఓట్లు వచ్చాయి. సోవియట్ యూనియన్ వీటో వల్ల అది వీగిపోయింది. అయితే భారత్ వాదన జయించాం కనుక మాదేనన్నది కాదు. పోర్చుగల్ హక్కుకే మూలం 1510 నాటి దండయాత్ర. పైగా గోవా స్వపరిపాలన లేని ప్రాంతమని 1960లోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం జాబితాలో చేర్చింది. చివరకు 1974లో సంతకమైన ఒప్పందం ద్వారా పోర్చుగల్ గోవాపై భారత్ సార్వభౌమత్వాన్ని గుర్తించింది. వలస పాలన ముగింపు అన్న ఈ వాదన బలమైనదే. కానీ 1961లో ఎవరూ గోవా ప్రజల ఓటు అడగలేదు. 1967లో జరిగిన ఓటింగ్ మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉండాలా అన్న ప్రశ్నకే పరిమితమైంది.