సినిమాలకు కాదు, కచేరీలకే రాస్తానంటోంది

"మాది నెల్లూరు, చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. పియానోలో లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షల్లో ఏడో గ్రేడ్ పూర్తిచేసింది. ఇంజినీరింగ్ వద్దట, ఆర్కెస్ట్రాలకు సంగీతం రాసే కంపోజర్ అవుతుందట. దాంతో బతుకు గడుస్తుందా?" అని ఒక తండ్రి అడిగారు.

మీ టెన్షన్‌లో న్యాయం ఉందండీ. కేవలం సింఫనీలు (పెద్ద ఆర్కెస్ట్రా రచనలు), క్వార్టెట్లు (నలుగురు వాయించే రచనలు) రాసి ఇల్లు నడిపేవాళ్లు ఏ దేశంలోనైనా తక్కువే. పేరున్న అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్ అంతటివాడే నలభై దాటేదాకా న్యూయార్క్‌లో టాక్సీ నడిపాడు. మన దేశపు కంపోజర్ వనరాజ్ భాటియా లండన్, పారిస్‌లలో చదివొచ్చి, ప్రకటనలకూ శ్యామ్ బెనెగల్ సినిమాలకూ సంగీతం చేస్తూనే సొంత రచనలు సాగించారు. కాబట్టి ఆర్కెస్ట్రేషన్ (సంగీతాన్ని వాద్యాలకు పంచి రాయడం), అరేంజ్‌మెంట్ (ఉన్న పాటను వేరే వాద్యాలకు తగ్గట్టు మలచడం), పాఠాలు చెప్పడం లాంటి పనులు మీ అమ్మాయికీ తప్పవు. వాటిని చిన్నచూపు చూడకూడదని ఇప్పుడే చెప్పండి. అలాంటి పని దొరికే ఊళ్లోనే ఉన్నారు మీరు.

అసలు సంగతి వేరే ఉంది. ఏడో గ్రేడ్ వాయించడం వచ్చని చెబుతుంది, రాయడం వచ్చని కాదు. తను ఏం రాసింది, దాన్ని మనుషులు వాయించారా అని అడగండి. సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది, ఏం రాసినా వాయించేస్తుంది. మనిషి అలా కాదు. వయొలిన్‌లో అన్నిటికంటే కింది స్థాయిదైన జి తీగ కంటే కింది స్వరం పలకదు. ఫ్లూట్ వాయించేవాళ్లు మధ్యలో ఆగి, "ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?" అంటారు. ఆ ప్రశ్న ఎదురైనప్పుడే కంపోజర్ తయారవడం మొదలవుతుంది.

అందుకే ప్లస్ టూ పరీక్షలవగానే నలుగురు వాద్యకారులకు మూడు నిమిషాల రచన ఒకటి రాయమనండి. 2008లో ఏ.ఆర్. రెహమాన్ స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ అనే సంగీత విద్యాలయం మీ ఊళ్లోనే ఉంది, వాయించే విద్యార్థులు దొరుకుతారేమో వెళ్లి విచారించండి. వాయించిన విద్యార్థులకు ఎంతో కొంత డబ్బివ్వండి, ఊరికే వద్దు. విదేశీ కోర్సులు కూడా సాధారణంగా స్కోర్లు (తను రాసిన స్వరాల ప్రతులు), రికార్డింగులే అడుగుతాయి. అవి చేతిలో లేకుండా అప్పుచేసి పంపడం నాకిష్టం లేదు.

ఇంకో మాట. కంపోజర్ బార్టోక్ హంగరీ పల్లెల్లో ఫోనోగ్రాఫ్ అనే పాతకాలపు రికార్డింగ్ యంత్రంతో తిరిగి పాటలు సేకరించాడు, ఆ పాటల తీరే ఆయన క్వార్టెట్లలో వినిపిస్తుంది. నెల్లూరులో మీ పెద్దవాళ్లు పాడే పాటలుంటే ఈ సెలవుల్లోనే ఫోన్లో రికార్డు చేసుకోమనండి.

రిహార్సల్‌కు మీరూ వెళ్లండి. ఎలా ఉందో చెప్పక్కర్లేదు. పొరపాట్లు బయటపడ్డాక ఇంటికొచ్చి తనంతట తానే తిరగరాయడానికి కూర్చుంటే, అప్పుడు ఫీజుల సంగతి మాట్లాడుకుందాం.